లెక్క పెట్టేవాళ్లు, పక్కన కూర్చునేవాళ్లు

కేసు విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోములో రోజు లెక్కతో మొదలై లెక్కతోనే ముగుస్తుంది. తెల్లారి లేవగానే లెక్క, టిఫిను దగ్గర లెక్క, ఆటలు అయ్యాక లెక్క, రాత్రి డార్మిటరీకి తాళం పడేముందు మళ్లీ లెక్క. పుస్తకంలో ఎంతమంది ఉంటే వరసలో అంతమంది ఉండాలి. ఒక్కడు తగ్గినా ఆ రాత్రి సూపరింటెండెంటు దగ్గర్నుంచి వంటమనిషి దాకా ఎవరికీ నిద్ర ఉండదు. డ్యూటీ మారేటప్పుడు చేతులు మారేవి రెండే: తాళంచెవుల గుత్తి, ఆ అంకె. ప్రొబేషన్ అధికారిగా చేరిన కొత్తలో, ఇన్నిసార్లు ఎందుకయ్యా అని మా వాచ్‌మన్‌ని అడిగితే "మొదట్నుంచీ ఇంతే కద సార్" అన్నాడు. ఆ మొదలు ఎక్కడుందో తెలుసుకోవాలని అప్పుడు పుట్టిన కోరిక ఉద్యోగం అయిపోయాక కూడా నన్ను వదల్లేదు. పాత చట్టాలు, కమిటీ నివేదికలు దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. వాటిలో నేను వెతికింది ఒక్కటే. తాళం వేసిన గదిలో ఉన్న పిల్లాడి దగ్గర పెద్దమనిషి అంటూ ఎవరున్నారు, అతనికి అప్పగించిన పని ఏమిటి?

మన దేశంలో ఈ కథ 1850లో వచ్చిన అప్రెంటిసుల చట్టంతో మొదలవుతుంది. అనాథలకీ, బీదపిల్లలకీ ఏదో ఒక చేతిపని నేర్పడానికి పది నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లని యజమాని దగ్గర ఒప్పందం మీద పెట్టే ఏర్పాటు అది. చిల్లర నేరంలో దొరికిన పిల్లాణ్ణి కూడా మేజిస్ట్రేటు ఆ దారిన పంపవచ్చు. చదువుతుంటే పర్లేదు, మంచి ఉద్దేశమే అనిపిస్తుంది. 1864లో కొరడా దెబ్బల చట్టం వచ్చింది. తక్కిన శిక్షలకు బదులుగా పిల్లల్ని కొట్టి పంపెయ్యవచ్చని అది చెప్పింది. జైల్లో పెడితే పెద్ద దొంగల సావాసంతో చెడిపోతారు, కొట్టి వదిలేస్తే ఖర్చూ లేదు, చెడిపోవడమూ లేదు అని ఆనాటి దొరల వాదన. మనకి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ శిక్ష పుస్తకాల్లోనే ఉండిపోయింది. దాన్ని పూర్తిగా తీసేసింది 1955లో.

రిఫార్మేటరీ బడుల చట్టం 1876లో ఒకసారి, దాన్ని తిరగరాసి 1897లో ఇంకోసారి వచ్చింది. పదిహేనేళ్ల లోపు మగపిల్లలకి జైలు బదులు మూడు నుంచి ఏడేళ్లు ఆ బడిలో ఉంచవచ్చు. ఆడపిల్లల ఊసు ఆ చట్టంలో లేనే లేదు. మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటి ప్రభుత్వ బడి చెంగల్పట్టులో వెలిసింది. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీవే కాబట్టి మన కుర్రాళ్లకి పడే దారీ అటే. అయినవాళ్లు వెళ్లి చూసి రావాలంటే రోజుల ప్రయాణం. అందులో ఏడేళ్లు ఉన్న పిల్లాడు బయటికి వచ్చేసరికి తల్లి ముఖం గుర్తుపట్టాలంటే కష్టపడాలి.

1897 చట్టంలో ఒక సెక్షనును నేను చాలాసార్లు చదివాను. బడి అని పేరు పెట్టాలంటే అక్కడ ఏమేమి ఉండాలో అది చెబుతుంది. రాత్రిపూట పిల్లల్ని విడివిడిగా ఉంచే వీలు, పారిశుధ్యం, నీళ్లు, తిండి, బట్టలు, పక్కలు, చేతిపని నేర్పే సదుపాయం, జబ్బు చేస్తే ఉంచడానికి వైద్యశాల. ఆ కాలానికి ఇది తక్కువేమీ కాదు. మా రోజుల్లో కూడా వీటన్నిటికీ లోటు లేని హోములు నేను ఎక్కువ చూడలేదు. కానీ ఆ జాబితాలో వస్తువులూ గదులూ ఉన్నాయి గాని, పిల్లాడి దగ్గర ఉండాల్సిన మనిషి మాత్రం లేడు. పైన సూపరింటెండెంటు ఉన్నాడు, తనిఖీ చేసే పెద్దలు ఉన్నారు. రాత్రి పదింటికి ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి ఎవరు వెళ్లాలి, వెళ్లేవాడు ఏం నేర్చుకుని ఉండాలి అన్న ఆలోచన ఆ చట్టం రాసినవాళ్లకి రాలేదు. 1899లో ఈ బళ్లని జైళ్ల శాఖ నుంచి తీసి విద్యాశాఖ కిందికి మార్చారు. మంచి పనే. అయితే శాఖ మారినంత మాత్రాన గోడ ఎత్తు తగ్గదు, పూటపూటకీ పెట్టే లెక్క ఆగదు.

మా ఊరు చీరాల పక్కన. లెక్క మాట వస్తే నాకు చెంగల్పట్టు కన్నా ముందు స్టూవర్టుపురం గుర్తొస్తుంది. నేరస్థ జాతుల చట్టం 1871 నాటిది. 1897లో దానికి చేసిన సవరణతో, ఆ జాతులవని ముద్ర వేసిన కుటుంబాల్లో నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉన్న పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే సెటిల్‌మెంటులో పెట్టే అధికారం ప్రభుత్వానికి దక్కింది. నాలుగేళ్లు! ఆ పిల్లలు ఏ నేరమూ చేయలేదు, వాళ్ల పుట్టుకే వాళ్ల మీద కేసు. 1911 తర్వాత ఆ చట్టం మద్రాసు వైపు కూడా అమలయింది. 1913లో బాపట్ల, చీరాల మధ్య ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో స్టూవర్టుపురం వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరే దానికి పెట్టారు. కావలిలో అలాంటి సెటిల్‌మెంటునే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నడిపారు.

అక్కడ హాజరు పట్టీ ఉండేది. ఊరు దాటాలంటే పాసు కావాలి. చీరాల పొగాకు కంపెనీకి కూలికి వెళ్లినా వచ్చి హాజరు చెప్పాలి. బడి పెట్టారు, వైద్యం చేశారు, భూములు ఇప్పించారు. ఇదంతా నిజమే. ఆ మిషనరీల్లో ఎరుకల పిల్లల్ని మనసారా ప్రేమించినవాళ్లు ఉండి ఉంటారు, నేను కాదనను. అయితే ఆ ప్రేమ చూపించే మనిషే సాయంత్రం హాజరు పట్టీ తీసేవాడు. రాకపోతే పోలీసులకి చెప్పాల్సినవాడూ అతనే. అక్షరాలు దిద్దించిన చేయి, పేరు పక్కన "లేడు" అని రాసిన చేయి ఒకటే. మా వృత్తిలో ఈనాటికీ తీరని చిక్కు అక్కడ నాకు స్పష్టంగా కనిపిస్తుంది. చట్టాన్ని 1952లో రద్దు చేశారు. నేను ఉద్యోగంలో చేరినప్పటికి దాదాపు నాలుగు దశాబ్దాలు కావస్తోంది. అప్పటికీ హోముకి వచ్చే కాగితాల్లో కొందరు పిల్లల కులం పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉండేది. ఆ గీత ఎందుకో ఎవరూ చెప్పరు, చదివేవాడికి అర్థమవుతుంది. పిల్లాణ్ణి చూడకముందే వాడి గురించి ఒక అభిప్రాయం మన బల్ల మీదికి చేరుతుంది.

1919–20లో ఇండియన్ జైల్స్ కమిటీ కూర్చుంది. దానికి అధ్యక్షుడు అలెగ్జాండర్ కార్డ్యూ, మద్రాసు సివిల్ సర్వీసు మనిషి. పిల్లల్ని జైలు గడప తొక్కనివ్వకూడదనీ, వాళ్లకి వేరే కోర్టులు, విచారణ సాగినన్నాళ్లూ ఉండటానికి వేరే హోములు కావాలనీ ఆ కమిటీ గట్టిగా చెప్పింది. దేశంలో మొట్టమొదటి బాలల చట్టం మన ప్రెసిడెన్సీదే, 1920 మద్రాసు బాలల చట్టం. తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి ఆ దారి పట్టాయి. జూనియర్, సీనియర్ సర్టిఫైడ్ స్కూళ్లు ఈ చట్టం నుంచి వచ్చినవే. మా సీనియర్లు మా హోముని "సర్టిఫైడ్ స్కూలు" అనే పిలిచేవారు. ఈ చట్టంలో ఒక మంచీ, ఒక చెడూ కలిసి వచ్చాయి. పిల్లాడు చేసిన తప్పుకన్నా వాడి ఇల్లూ వాకిలీ చూడాలన్న ఆలోచన చట్టంలోకి ఎక్కడం మంచి. దిక్కులేని పిల్లాణ్ణీ, దొంగతనం చేసిన పిల్లాణ్ణీ ఒకే గోడల మధ్య పెట్టడం చెడు. తప్పిపోయి స్టేషనులో దొరికిన ఎనిమిదేళ్లవాడు ఏం తప్పు చేశానని ఇక్కడ పెట్టారని అడిగితే ఏం చెబుతాం?

బొంబాయిలో 1927లో ఏర్పడిన చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ ఆధ్వర్యంలో ఉమర్‌ఖాడీ రిమాండ్ హోము నడిచింది. ఆ కట్టడం అంతకుముందు డోంగ్రీ జైలు. 1882లో తిలక్, అగర్కర్ కొల్హాపూర్ పరువునష్టం కేసులో 101 రోజులు ఉన్నది అక్కడే. రాజకీయ ఖైదీలు నడిచిన వరండాల్లోనే పిల్లలు లెక్కకి నిలబడ్డారు. అయితే అదే ఊళ్లో 1936లో ఇంకో పని జరిగింది. నాగ్‌పాడా బస్తీలో పేదల మధ్య పనిచేస్తున్న క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ, టాటా ట్రస్టు సాయంతో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ స్థాపించాడు. ఈనాటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. పిల్లల పక్కన కూర్చోవడం జాలిగుండె ఉన్నవాళ్లు తీరికవేళ చేసే ధర్మకార్యమే గాక, చదివి, శిక్షణ పొంది, జీతం తీసుకుని చేయాల్సిన పని అని ఈ దేశంలో మొదటిసారి ఒప్పుకున్నది అప్పుడే. రిఫార్మేటరీ చట్టం వచ్చిన అరవై ఏళ్లకి! ఇల్లు కట్టిన అరవై ఏళ్లకి అందులో ఉండాల్సిన మనిషి గురించి ఆలోచించాం.

ఆడపిల్లల సంగతి ఎక్కువగా స్త్రీలే చూసుకున్నారు. 1930లో ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసులో అవ్వై హోము పెట్టారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లి, ఏ నేరానికి శిక్ష పడిందో కూడా తెలియని ఆడవాళ్లని అక్కడ చూసి, వాళ్ల కోసమే లా చదవాలని నిశ్చయించుకున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆవిడే తొలి అధ్యక్షురాలు. హోముల నుంచి, జైళ్ల నుంచి బయటికి వచ్చినవాళ్ల గతేమిటన్న విషయం మీద ఆ బోర్డు ఒక కమిటీ వేసింది. ఆఫ్టర్ కేర్ అన్న మాట మా శాఖలో అప్పట్నుంచీ ఉంది. మాట ఉంది గాని, దానికి తగ్గ గదులూ మనుషులూ ఎప్పుడూ చాల్లేదు.

తెలంగాణ వైపు 1951 నాటి హైదరాబాదు బాలల చట్టం, ఆంధ్ర వైపు 1920 చట్టం. 1956లో రాష్ట్రం ఒకటైన తర్వాత కూడా పిల్లల విషయంలో కొన్నేళ్లు రెండు చట్టాలే నడిచాయి. ఇంకా చాలా రాష్ట్రాల్లో పిల్లలు మామూలు జైళ్లలోనే మగ్గుతుంటే, షీలా బర్సే అనే పాత్రికేయురాలు ఆ జైళ్లు తిరిగి చూసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1986 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి భగవతి ధర్మాసనం, జైళ్లకి వెళ్లి పిల్లలున్నారేమో చూడమని జిల్లా జడ్జీలని ఆదేశించింది. దేశమంతటికీ ఒకే జువెనైల్ జస్టిస్ చట్టం కావాలన్న మాట ఊపందుకుని, అదే ఏడు పార్లమెంటులో చట్టం వచ్చింది. 1987 అక్టోబరు 2 నుంచి అమలు. నేను ఉద్యోగంలోకి వచ్చింది ఆ కొత్త వేడిలో. పాత సర్టిఫైడ్ స్కూలు బోర్డు తీసి కొత్త బోర్డు పెట్టారు. వెనక రిజిస్టర్లు మాత్రం పాతవే.

చట్టాల వరస చెప్పుకుంటూ పోతే ఒక్క పిల్లాడి ముఖం కూడా కనబడదు. అందుకని ఒక సాయంత్రం ఎలా ఉంటుందో చెబుతాను.

కొత్తగా వచ్చే పిల్లాడు మామూలుగా దీపాలు పెట్టే వేళకి వస్తాడు. పోలీసులు పట్టుకున్న 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి గనుక, బోర్డు పని అయి, ఆర్డరు టైపయి, బస్సు దొరికి వచ్చేసరికి ఆ టైమవుతుంది. పొద్దున్నుంచి వాడు ఏం తిన్నాడో తెలియదు. ఎస్కార్టు కానిస్టేబులుకి రసీదు రాసి పంపేయాలి. తర్వాత పుట్టుమచ్చలు రాయాలి, ఒంటిమీద దెబ్బలుంటే రాయాలి. తలలో పేలు చూడాలి. స్నానం, హోము బట్టలు. ఒంటిమీద ఉన్నవన్నీ తీయించాలి. బెల్టు, తాయెత్తు, ఉంగరం, మొలతాడు. తాడులాంటిదేదీ డార్మిటరీలోకి పోకూడదన్నది రూలు. ఎందుకో చెప్పనక్కర్లేదు. అనుభవంతో వచ్చిన రూలు అది.

మొలతాడు దగ్గరే గొడవ. మన పిల్లాడికి మొలతాడు తీయడమంటే ఎంత అవమానమో, ఎంత అశుభమో తెలుగువాళ్లకి వేరే చెప్పాలా? తాతో, నాయనమ్మో కట్టినది. దొంగతనం కేసులో వచ్చి, పోలీసుల దగ్గర కన్నీటి చుక్క రాల్చని పదిహేనేళ్లవాడు మొలతాడు మీద చేయి పడగానే గొల్లుమనడం నేను కళ్లారా చూశాను. కొన్నిచోట్ల బ్లేడుతో టక్కున కోసి చెత్తబుట్టలో పారేసేవారు. ఆ పని అరనిమిషంలో అయిపోతుంది. ఆ అరనిమిషంలో వాడు ఆ హోముని తన మనసులో జైలు కింద రాసేసుకుంటాడు.

మా దగ్గర ఒక హౌస్ ఫాదర్ ఉండేవాడు, పిల్లలు బాబాయ్ అని పిలిచేవారు. ఆయన ఎన్నడూ కత్తెర పట్టలేదు. ముందు అన్నం పెట్టించేవాడు. తర్వాత ఒక కవరు తెచ్చి పక్కన కూర్చుని, "ఇది ఎవరు కట్టార్రా నీకు?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఇంటి సంగతులు సగం బయటికొచ్చేవి. "ఇక్కడ దీన్ని ఉంచుకోనివ్వరు. నా చేత్తో తీయను, నువ్వే విప్పి ఇందులో పెట్టు. దీని మీద నీ పేరు రాయి. వెళ్లేరోజు నీ చేతికే ఇస్తా" అనేవాడు. రాయడం రాకపోతే వేలిముద్ర. కవరు ఏ సొరుగులో పెడుతున్నదీ పిల్లాడికి చూపించేవాడు. వాడు మొలతాడు తనే విప్పుకునేవాడు. ఒక్కోసారి పావుగంట పట్టేది, ఒక్కోసారి గంట. ఆయన లేచేవాడు కాదు. తాళం విషయంలో ఆయనంత గట్టి మనిషిని నేను చూడలేదు. లెక్క తప్పనివ్వడు. అయినా పారిపోవాలన్న ఆలోచన పుట్టిన కుర్రాడు ముందుగా ఆయనతోనే చెప్పేవాడు. ఎవరు నేర్పారో ఆయనకి ఈ విద్య! ఆయన చదువు పదో తరగతి. నేను ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి వచ్చి ఆ గదిలో బల్ల పక్కన నిలబడి ఆయన దగ్గర నేర్చుకున్నాను.

మొదటి మూడు నాలుగు రాత్రులు గండం. రైల్వే స్టేషన్ల వైపు నుంచి వచ్చే పిల్లల్లో సొల్యూషన్ పీల్చే అలవాటు ఎక్కువ. పంక్చర్లకి వాడే రబ్బరు జిగురుని గుడ్డలో వేసి పీలుస్తారు. అది దొరక్క వణుకు, కోపం, గోడకి తల కొట్టుకోవడం. అప్పుడు డాక్టరు కావాలి, మందు కావాలి. వాటితోపాటు పక్కన మెలకువగా ఉండే మనిషీ కావాలి. ఇంకొందరు పక్క తడుపుతారు. పదహారేళ్ల కుర్రాడు పక్క తడిపితే తోటివాళ్ల ముందు వాడి బతుకు నరకం. మా హోములో పాత పద్ధతి ఒకటుండేది. తడిపినవాళ్లు పొద్దున్నే చాప తామే మోసుకెళ్లి అందరి ఎదుటా ఆరేయాలి. దాన్ని మాన్పించడానికి నేను పై అధికారులకి రాసిన ఉత్తరాలు చాలానే. కౌన్సెలర్ అమ్మాయి ఒకావిడ వచ్చి సులువైన దారి చూపించింది. రాత్రి పదకొండుకోసారి, తెల్లవారుజామున నాలుగుకోసారి ఆ పిల్లల్ని మెల్లగా తట్టి లేపి బాత్రూముకి పంపడం, సాయంత్రం ఆరు దాటాక నీళ్లు కాస్త తగ్గించడం, అదనంగా రెండు దుప్పట్లు బీరువాలో ఎవరూ అడక్కుండా తీసుకునేలా పెట్టడం. భయం వల్ల తడుపుతున్నారని, భయం తగ్గితే అదీ తగ్గుతుందని ఆవిడ నైట్ డ్యూటీ వాళ్లకి ఓపిగ్గా చెప్పింది. చాప మోయించడం ఆగిపోయింది.

ఇక నా అసలు పని సామాజిక దర్యాప్తు నివేదిక. పిల్లాడు బోర్డు ముందుకి వచ్చిన పదిహేను రోజుల్లో ఇవ్వాలని ఇప్పటి చట్టం. ఇంటి ఆదాయం, జబ్బులు, అలవాట్లు, బడి ఎందుకు మానాడు, స్నేహితులెవరు, నేరానికి కారణం ఏమిటి అని గళ్లుంటాయి. ఊరు వెళ్లకుండా, పోలీసు కాగితం చూసి "చెడు సావాసాలు" అని రాసి పంపేవాళ్లూ ఉన్నారు. వెళ్లేవాళ్లకి బస్సు చార్జీలు నెలల తరబడి రాకపోవడం దానికొక కారణం. ఊరికి వెళ్తే జనం చుట్టూ మూగుతారు. ఆ పిల్లాడు ఎలాంటివాడు అని అడిగితే మంచీ చెడూ పదిమంది పది చెబుతారు. నేను ఒక ప్రశ్న అలవాటు చేసుకున్నాను. "వీడికి ఆకలేస్తే ఎవరింటికి వెళ్లేవాడు?" పల్నాడు వైపు ఒక ఊళ్లో ఇలా అడిగితే జనమంతా ఒకేసారి ఒక ఇంటివైపు చూశారు. తండ్రి లేడు, తల్లి మిరపకోతలకి తెల్లారుతూనే వెళ్లి పొద్దుగూకాక వస్తుంది. ఏడో తరగతి దాకా ఊళ్లో బడి ఉంది, హైస్కూలు పక్క ఊళ్లో. అక్కడ చదువాపేశాడు. వాడికి అన్నం పెట్టేది బంధువు కాదు, కులం కూడా వేరు. ఒంటరిగా ఉండే ముసలావిడ. రిపోర్టులో ఆమె గురించి ఒక పేజీ రాశాను. బెయిలు ఇచ్చేటప్పుడు బోర్డు ఆమెనీ, తల్లినీ ఇద్దర్నీ పిలిపించింది. ఆ ముసలావిడ సంగతి ఏ పోలీసు కాగితంలోనూ లేదు.

అయితే ఈ నివేదికలోనే నా వృత్తికున్న ముల్లు ఉంది. రాత్రి పక్కన కూర్చుంటే పిల్లాడు మనసు విప్పుతాడు. ఆ విన్నది పొద్దున కాగితం మీదికెక్కి బోర్డుకి వెళ్తుంది. స్టూవర్టుపురం హాజరు పట్టీకీ దీనికీ తేడా ఏమిటని నన్ను నేను అడుగుతూనే వచ్చాను. తేడా ఉందనే నమ్ముతాను, కానీ ఆ తేడా దానంతట అది ఉండదు, ప్రతి పిల్లాడి దగ్గరా మనం నిలబెట్టుకోవాలి. అందుకే ముందే చెప్పేసేవాణ్ణి: "నువ్వు చెప్పినవాటిలో నీకు పనికొచ్చేది రాస్తాను. రాసింది నీకు చదివి వినిపిస్తాను. ఎవరికైనా ప్రమాదం ఉన్న సంగతైతే దాచలేను." కొందరు అది విని నోరు మూసుకునేవారు. అది వాళ్ల హక్కు.

2000లో వచ్చిన కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం చాలా మేలు చేసింది. మగపిల్లలకి పదహారు, ఆడపిల్లలకి పద్దెనిమిది అన్న పాత తేడా పోయి అందరికీ పద్దెనిమిది చేసింది. మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తల్ని కూర్చోబెట్టింది, వాళ్లలో ఒకరు మహిళ కావాలంది. ప్రత్యేక గృహంలో ఉంచినా మూడేళ్లు మించకూడదంది. 1897లో కనీసం మూడేళ్లు, 2000లో అదే గరిష్ఠం. ఈ మార్పుకి వందేళ్లు పైన పట్టింది.

2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచారం తర్వాత, నిందితుల్లో ఒకడు పద్దెనిమిది నిండనివాడని తెలిసి, దేశం కోపంతో ఊగిపోయింది. ఆ కోపం నాకూ ఉంది. 2016 జనవరి నుంచి అమలైన 2015 చట్టం ప్రకారం, ఘోరనేరం ఆరోపణ ఉన్న పదహారు దాటిన పిల్లాడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని బోర్డు ముందుగా అంచనా వేసి, పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని తేల్చాలి. దీనికి సైకాలజిస్టుల సాయం కావాలి. అంటే పిల్లాడికి ఊరట చెప్పాల్సిన విద్య చదివినవాళ్లకే వాణ్ణి తూచే పని కూడా వచ్చి పడింది. నాలుగు గోడల మధ్య, కేసు భయంలో ఉన్నవాణ్ణి ఒకటి రెండు సిట్టింగుల్లో మాట్లాడించి, ఆరు నెలల కిందట వాడి బుద్ధి ఎంత పక్వంగా ఉందో చెప్పమనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఈ అంచనా ఎంత సున్నితమైనదో, నిపుణుల సాయం ఎంత అవసరమో 2022 జులైలో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో విడమరిచి చెప్పింది.

2016 నమూనా నియమాలు చూస్తే 1897 నాటి లోటు పూడ్చినట్టే కనబడుతుంది. వందమంది పిల్లలకి కౌన్సెలర్లు, కేస్ వర్కర్లు, హౌస్ ఫాదర్లు, హౌస్ మదర్లు, టీచర్లు, డాక్టరు. ప్రతి పిల్లాడికీ విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక. మనుషుల పేర్లు చట్టం కాగితంలోకి వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో సంపూర్ణా బెహురా కేసులో జస్టిస్ లోకూర్ ధర్మాసనం ఖాళీలు నింపండి, హోములకి సోషల్ ఆడిట్ చేయించండి అని చెప్పాల్సి వచ్చిందంటే, ఆ కుర్చీల్లో ఎంతమంది కూర్చున్నారో ఊహించుకోవచ్చు. కాంట్రాక్టు మీద వచ్చిన కౌన్సెలర్ నాలుగు నెలలు జీతం రాక మానేస్తే, ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టిన పిల్లాడు రెండోసారి మాట్లాడడు. రాత్రిళ్లు పరిస్థితి మరీ అన్యాయం. చదువుకున్న సిబ్బంది అంతా పగటి డ్యూటీలోనే ఉంటారు. పిల్లలకి కష్టం వచ్చేది రాత్రి. ఆ వేళ వాళ్ల దగ్గర ఉండేది ఏజెన్సీ పంపిన గార్డు. అతనికి ఇచ్చిన శిక్షణల్లా తాళం, లెక్క. అతన్ని నేను తప్పుపట్టను. అతనికి కనీసం వారం రోజులు నేర్పించండని అడుగుతూనే ఉన్నాను, రిటైరయ్యాక కూడా అడుగుతున్నాను.

బయటికి వెళ్లిన పిల్లలు కొందరు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. ఎక్కువమంది అడిగేవి కాగితాల సంగతులే. కేసు రికార్డు ముందు ముందు వాళ్ల బతుక్కి అడ్డు రాకూడదని, గడువు తీరాక నాశనం చేయాలని చట్టంలో ఉంది. కానీ రికార్డు ఒక్కచోట ఉండదు. ఆ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. పెయింటింగ్ కాంట్రాక్టరు దగ్గర పని కుదిరింది, జీతం బ్యాంకులో వేస్తానన్నాడట. వాడి ఏకైక బ్యాంకు ఖాతా హోములో ఉన్నప్పుడు మేమే తెరిపించినది, పాసుపుస్తకం మొదటి పేజీలో చిరునామా హోముదే. అది మేస్త్రీకి ఎలా చూపించను సార్ అని అడిగాడు. ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. చిరునామా మార్చడానికి రుజువు కావాలన్నారు. వాడి మేనత్త ఊరు వెళ్లి, ఆధార్ సెంటరులో వాడి చిరునామా ఆమె ఇంటికి మార్పించి, కొత్త కార్డు వచ్చాక మళ్లీ బ్యాంకుకి వెళ్లాం. కౌంటరులో అమ్మాయి పాత పుస్తకం వెనక్కి తీసుకుని కొత్తది ప్రింటు చేసి ఇచ్చింది. వాడు అక్కడే మొదటి పేజీ తెరిచి, అత్త ఇంటి డోరు నంబరు సరిగ్గా పడిందో లేదో వేలు పెట్టి చదువుకుని, సోమవారం నుంచి పనిలోకి వెళ్లాడు.